బంతి విసిరే వయసు

ఈ పూట ప్రసంగం బేస్‌బాల్ గురించి, ముఖ్యంగా పిల్లలు ఆడే బేస్‌బాల్ గురించి.

2023 జూలై 9న అమెరికాలోని సియాటిల్ నగరంలో మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం మొదలైంది. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. హైస్కూళ్లలో, కాలేజీల్లో రాణించిన కుర్రాళ్లను ముప్ఫై జట్లు వరసగా ఒక్కొక్కరిని పిలుచుకుంటాయి. ఆ రోజు ఇరవయ్యో పిలుపు టొరంటో బ్లూ జేస్ జట్టుది. వాళ్లు పిలిచిన పేరు నిమ్మల అర్జున్. అప్పటికి అతనికి పదిహేడేళ్లు. ఫ్లోరిడా రాష్ట్రంలో టాంపా నగరానికి దగ్గరగా ఉన్న డోవర్‌లో, స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ విద్యార్థి. అమ్మానాన్నలు విజయవాడ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్లు. కొద్దిరోజులకే బ్లూ జేస్ అతనితో ముప్ఫై లక్షల డాలర్లకు ఒప్పందం కుదుర్చుకుంది. తెలుగింటి పిల్లవాడొకడు డ్రాఫ్ట్ మొదటి రౌండులోనే ఎంపిక కావడం అక్కడి మన సంఘాలన్నీ పండగ చేసుకున్నంత కబురు.

అర్జున్ ఆడేది షార్ట్‌స్టాప్ స్థానంలో. బ్యాటర్ పరిగెత్తి వరసగా తాకాల్సిన మజిలీలే బేస్‌లు; వాటిలో రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడే ఫీల్డర్ అతను. కుడిచేతి బ్యాటర్లు బలంగా లాగికొట్టిన బంతులు ఎక్కువగా అటే దూసుకొస్తాయి. నేలను రాసుకుంటూ వచ్చే బంతిని వంగి అందుకోవాలి, కాళ్లు కుదురుకునే వ్యవధి కూడా లేకుండా ముప్ఫై మీటర్లకు పైగా దూరంలో ఉన్న మొదటి బేస్‌కు సూటిగా విసరాలి. బ్యాటర్ ఆ బేస్‌ను తాకేలోగా బంతి చేరకపోతే అంతా వృథా. మైదానంలో అందరికన్నా చురుకైన పిల్లవాణ్ని కోచ్‌లు అక్కడ నిలబెడతారు. ఈ పని ఒక్క ఏడాదిలో వచ్చేది కాదు. ఇంట్లో అందరికీ క్రికెట్ ప్రాణమైనా, ఊహ తెలిసిన కొత్తలోనే అర్జున్ బేస్‌బాల్ మైదానం చేరాడు. పిలుపు వచ్చిన నాటికి అతని వెనక పదేళ్లకు పైబడిన ఆట ఉంది.

అయినా అతని ప్రయాణం ఇంకా మెట్ల మీదే ఉంది. మేజర్ లీగ్ కింద మైనర్ లీగ్‌లు అంచెలంచెలుగా ఉంటాయి. 2024లో బ్లూ జేస్ కింది అంచెలోని డనీడిన్ జట్టుకు ఆడుతూ మొదటి వారాల్లో అతను బాగా తడబడ్డాడు. జట్టు యాజమాన్యం అతన్ని తీసిపారేయలేదు. కొన్నాళ్లు శిక్షణ కేంద్రంలో ఉంచి, బ్యాటింగ్ సరిచేయించి మళ్లీ బరిలోకి దించింది. తిరిగొచ్చాక ధాటిగా ఆడి, ఆ ఏడాది బంతిని కంచె దాటించే హోమ్‌రన్‌లు పదిహేనుకు పైగా కొట్టాడు. 2025లో ఒక మెట్టు పైన, వాంకూవర్‌లో ఆడాడు. పడిన పిల్లవాడికి లేవడానికి సమయం ఇచ్చే ఏర్పాటు ఇది. డాలర్ల సంఖ్య కన్నా ఈ ఏర్పాటునే మనం శ్రద్ధగా చూడాలి.

ఇక మన దేశంలోనే పుట్టి పెరిగిన ఇద్దరి కథ. 2008లో ఒక అమెరికన్ ఏజెంట్, జె.బి. బెర్న్‌స్టీన్, మన దేశమంతా తిరిగి బంతిని అత్యంత వేగంగా, గురి తప్పకుండా విసరగలిగేవాడెవడో తేల్చే పోటీ పెట్టాడు. వేలాదిమంది కుర్రాళ్లు వచ్చారు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో విసిరిన రింకూ సింగ్ గెలిచి లక్ష డాలర్లు అందుకున్నాడు. అతనితో పాటు ఎంపికైనవాడు దినేశ్ పటేల్. ఇద్దరిదీ ఉత్తరప్రదేశ్ పల్లెసీమ, ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు, ఇద్దరూ అంతకుముందు బేస్‌బాల్ ఆడి ఎరగరు. లాస్ ఏంజెలెస్‌లో టామ్ హౌస్ అనే పేరున్న కోచ్ దగ్గర కొన్ని నెలలు నేర్చుకుని, అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయులు వాళ్లే. 2014లో డిస్నీ సంస్థ వాళ్ల కథను సినిమాగా తీసింది.

సినిమా ముగిసిన చోట అసలు కష్టం మొదలైంది. దినేశ్‌ను 2010 చివరికల్లా జట్టు వదిలేసింది. అతను ఇంటికి తిరిగొచ్చేశాడు. రింకూ చాలా ఏళ్లు పట్టుదలగా నిలిచి మైనర్ లీగ్ మ్యాచ్‌లు గెలిచాడు గాని, కింది అంచెలు దాటకముందే మోచేతి గాయాలు అతని ఆటను తినేశాయి. 2018లో కుస్తీ ప్రదర్శనల రంగానికి మారిపోయాడు. వాళ్ల తెగువకు ఎవరైనా చేతులెత్తి మొక్కాల్సిందే. తప్పు వాళ్లది కాదు, వెతికిన తీరుది. ఆ పోటీ పద్దెనిమిది పందొమ్మిదేళ్ల వయసులో ఒక బలమైన చెయ్యిని పట్టుకుంది. ఆ చేతికి ఆట మాత్రం అప్పటిదాకా అందలేదు. బేస్ మీద ఉన్నవాణ్ని కదలకుండా ఎలా కట్టడి చేయాలి, మెల్లగా తట్టిన బంతిని ఎవరు అందుకోవాలి, ఎదుటి బ్యాటర్ ఏ బంతి కోసం కాచుకున్నాడు వంటివి చిన్నప్పటి నుంచి వందల మ్యాచ్‌లు ఆడితే తప్ప ఒంటబట్టవు.

అందుకే అమెరికాలో ఆట పిల్లల దగ్గర మొదలవుతుంది. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్లో కార్ల్ స్టాట్జ్ అనే చిరుద్యోగి మూడు జట్లతో లిటిల్ లీగ్ ప్రారంభించాడు. ముందుగా ఆయన చేసిన పని మైదానాన్ని కుదించడం. పెద్దల ఆటలో బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు. పదేళ్ల పిల్లవాడు అంత దూరం పరిగెత్తేసరికి బంతి ఎప్పుడో చేరిపోతుంది. ప్రతివాడూ అవుటైపోతుంటే ఆటలో మజా ఏముంటుంది? స్టాట్జ్ ఇంటి పిల్లల్ని పరిగెత్తించి, దూరాలు మార్చి మార్చి చూసి, 60 అడుగుల దగ్గర ఆగాడు. అక్కడ పరుగూ విసురూ సరిసమానంగా పోటీపడ్డాయి. ఇప్పటికీ పన్నెండేళ్ల లోపు వాళ్లకు లిటిల్ లీగ్‌లో అదే కొలత. వాళ్లకన్నా చిన్నవాళ్లకు టీ-బాల్ ఉంది. నడుమెత్తు కడ్డీ మీద బంతిని నిలిపి ఉంచుతారు, అయిదారేళ్ల బుడతలు దాన్ని కొట్టి పరిగెడతారు. బంతి విసిరే పిచ్చర్ ఉండడు, భయం ఉండదు.

ఈ ఆటలో పిల్లల్ని కట్టిపడేసేది ఏమిటి? క్రికెట్ మధ్యనే పెరిగిన మనకు ఒక తేడా వెంటనే తెలుస్తుంది. మన వీధి క్రికెట్‌లో మొదటి బంతికే అవుటైన పిల్లవాడు ఇక సాయంత్రమంతా బౌండరీ దగ్గర నిలబడి బంతులు ఏరుకురావాల్సిందే. గట్టివాడు గంటసేపు బ్యాటు వదలడు. బేస్‌బాల్‌లో అవుటయ్యాక కూడా వరసలో మళ్లీ వంతు వస్తుంది. మూడు అవుట్లు పడగానే జట్లు తారుమారవుతాయి, ఎవరూ బ్యాటును సొంతం చేసుకోలేరు. ఒక్క మ్యాచ్‌లో ఒక పిల్లవాడికి రెండు మూడు అవకాశాలు దక్కుతాయి. మొదటిసారి ముఖం వేలాడేసుకుని వెనుదిరిగినవాడే చివరి ఇన్నింగ్స్‌లో జట్టును గెలిపించవచ్చు. లిటిల్ లీగ్‌లో జట్టులోని ప్రతి ఒక్కరికీ తప్పనిసరిగా కొంత ఆట దక్కాలన్న నిబంధన కూడా ఉంది.

వైఫల్యాన్ని ఇంత మామూలుగా తీసుకునే ఆట మరొకటి కనబడదు. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు కొట్టగలిగితే మంచి బ్యాటర్ కిందే లెక్క. 1941లో టెడ్ విలియమ్స్ పదికి నాలుగు దాటించాడు. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాల్లో మేజర్ లీగ్‌లోని అమెరికన్, నేషనల్ విభాగాల్లో ఏ పూర్తి సీజన్‌లోనూ పదికి నాలుగు సగటును ఇంకెవరూ అందుకోలేదు. అంటే గొప్పవాళ్లు కూడా సగం కన్నా ఎక్కువసార్లు తల దించుకుని బెంచీకి తిరిగొస్తారు. ఒక్క మార్కు తగ్గితే ఇంట్లో పంచాయితీ నడిచే రోజుల్లో, పదికి ఏడుసార్లు తప్పినా శభాష్ అనే చోటు పిల్లలకు ఒకటి ఉండాలి.

ఒళ్లు కూడా కదలాలి. పిచ్చర్ విసిరిన ప్రతి బంతికీ మిగతా ఎనిమిదిమంది మడమలెత్తి సిద్ధంగా ఉండాలి. బంతి తనవైపు రాకపోయినా, ఏ బేస్ వెనక అండగా నిలబడాలో ముందే లెక్కేసుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి బంతి విసురుకోవడంలో ఒక సుఖం ఉంది. తండ్రీ కూతురూ, అన్నా తమ్ముడూ పెద్దగా మాట్లాడుకోకుండానే అరగంట గడిపేస్తారు. గ్లవ్‌లో బంతి తపుక్కున పడిన చప్పుడు విన్న పిల్లవాడు దాన్ని మళ్లీ వినాలనుకుంటాడు. ఎన్ని సిద్ధాంతాలు చెప్పినా బేస్‌బాల్ ఆకర్షణ అంతా అక్కడి నుంచే పుడుతుంది.

ఆట బయటినుంచి వచ్చినా మట్టిలో ఇంకిపోగలదని తైవాన్ చూపించింది. ఆ ద్వీపానికి బేస్‌బాల్‌ను తెచ్చినవాళ్లు జపాన్ పాలకులు. తూర్పు తీరంలోని తైతుంగ్ కొండల్లో హోంగ్యే అనే ఆదివాసీ పల్లె ఉంది. బునున్ తెగ పిల్లలు చదివే చిన్న బడి. పిల్లలు బడికి రావడం మానేస్తుంటే, వాళ్లను రప్పించడానికి ప్రధానోపాధ్యాయుడు బేస్‌బాల్ పట్టుకున్నాడు. కర్రలే బ్యాట్లు, రాళ్లే బంతులు. 1968 ఆగస్టులో ఆ పిల్లలు జపాన్ నుంచి వచ్చిన జట్టును 7–0 తేడాతో ఓడించారు. దేశమంతా ఊగిపోయింది. మరుసటి ఏడాదే తైవాన్ పిల్లల జట్టు విలియమ్స్‌పోర్ట్‌లో లిటిల్ లీగ్ ప్రపంచ టోర్నీ గెలిచింది. ఈనాటికీ తైవాన్ అయిదువందల డాలర్ల నోటు మీద బేస్‌బాల్ గెలిచి ఎగిరి గంతేస్తున్న బడిపిల్లలే ఉన్నారు.

ఈ కథలో చేదు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. హోంగ్యే జట్టులో కొందరిని వేరే పేర్లతో, వయసు దాచి ఆడించారని తర్వాత బయటపడింది. పెద్దల మీద కేసు నడిచింది, శిక్షలు పడ్డాయి. గెలుపు మోజులో పెద్దవాళ్లు తప్పుచేస్తే మచ్చ పిల్లల మీద పడుతుంది. వయసు ధ్రువపత్రాల తగాదా మన దేశపు బాలల టోర్నీల్లోనూ తరచూ వినబడేదే.

మన దేశంలో ఆట మట్టిలో ఇంకిన చోటు మణిపూర్. రెండో ప్రపంచయుద్ధంలో, హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు చేరవేసిన అమెరికన్ వైమానికులు అక్కడ బేస్‌బాల్ ఆడేవారు. వాళ్లు వెళ్లిపోయినా ఆట నిలిచింది. 2006లో అమెరికా నుంచి కోచ్‌లు ఇంఫాల్ వచ్చి స్థానిక శిక్షకులకు మెలకువలు నేర్పారు. బందులూ కర్ఫ్యూల మధ్య అక్కడి ఆడామగా ఈ ఆటను ఎలా కాపాడుకున్నారో మిర్రా బ్యాంక్ తీసిన డాక్యుమెంటరీలో చూడవచ్చు.

ఇక జార్ఖండ్‌లోని మన గమ్హరియాకు వద్దాం. జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్, దాన్ని ఆనుకుని గమ్హరియా. హౌరా–ముంబయి రైలుమార్గం మీది స్టేషన్, చుట్టూ వందల ఫ్యాక్టరీలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా పనుల కోసం వచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఈ చుట్టుపక్కల బడుల్లో చదువుతున్నారు. ఆటలు ఈ నేలకు కొత్త కావు. తర్వాత జంషెడ్‌పూర్ అయిన, అప్పటికి కట్టబోయే ఊళ్లో ఫుట్‌బాల్‌కూ హాకీకీ విశాలమైన స్థలాలు వదలాలని జంషెట్జీ టాటా 1902లోనే కొడుకు దొరాబ్‌కు రాశారు. 1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ, 1996లో ఆర్చరీ అకాడమీ వచ్చాయి. గమ్హరియా ఉన్న సరాయికేలా–ఖర్సావాఁ జిల్లాలోనే దీపికా కుమారి 2005లో విల్లు పట్టడం నేర్చుకుంది, ఆ మరుసటి ఏడాది టాటా అకాడమీలో చేరింది. చిన్నప్పుడు ఆమె రాళ్లతో మామిడికాయలు గురిచూసి కొట్టేదని అందరూ చెప్పుకుంటారు. మన గూటీబిళ్ల, ఏడుపెంకులాట ఆడిన పిల్లల్లో ఉండే గురి కూడా అదే. బంతిని కొట్టి పరిగెత్తడం, పరిగెత్తేవాడి కన్నా ముందు బంతిని చేర్చడం వాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కరలేదు.

అడ్డంకి ఖర్చు. తోలు గ్లవ్‌లు, క్యాచర్ కవచం, హెల్మెట్లు అంటే ఫ్యాక్టరీ జీతంలో తేలిక కాదు. దీనికి ప్రపంచ బేస్‌బాల్ సాఫ్ట్‌బాల్ సమాఖ్య ఒక మంచి దారి చూపింది. బేస్‌బాల్ ఫైవ్ అనే వీధి ఆట. జట్టుకు అయిదుగురు. బ్యాటు లేదు, గ్లవ్ లేదు, పిచ్చర్ లేడు. రబ్బరు బంతిని బ్యాటరే అరచేత్తోనో పిడికిలితోనో కొట్టి పరిగెత్తాలి. బేస్‌ల మధ్య 13 మీటర్లు చాలు, బడి ఆవరణలో సరిపోతుంది. అయిదు ఇన్నింగ్స్‌లు, అరగంటలో మ్యాచ్ పూర్తి. బంతి కంచె దాటితే బేస్‌బాల్‌లో హోమ్‌రన్, ఇక్కడ అవుట్. కాబట్టి కండబలం ఉన్నవాడిదే రాజ్యం కాదు, బంతిని నేలబారుగా ఖాళీలోకి పంపగల తెలివి గెలుస్తుంది. 2026లో సెనెగల్ రాజధాని డకార్‌లో జరిగే యువ ఒలింపిక్స్‌లో ఇది పతకాల ఆట. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు తిరిగొస్తున్నాయి. ఆ నిర్ణయం జరిగింది మన ముంబయిలోనే, 2023 అక్టోబరులో, క్రికెట్‌ను చేర్చిన ఆ సమావేశంలోనే.

బేస్‌బాల్ ఫైవ్ అంతర్జాతీయ పోటీల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే జట్టులో ఆడతారు. ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో లిటిల్ లీగ్ ఆడపిల్లలకు తలుపు తీయడానికి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. న్యూజెర్సీకి చెందిన మరియా పెపే తరఫున సాగిన వ్యాజ్యం ఫలితంగా 1974లో నిబంధన మారింది. నలభై ఏళ్లకు, 2014 ఆగస్టులో, పదమూడేళ్ల మోనే డేవిస్ అదే లిటిల్ లీగ్ ప్రపంచ టోర్నీలో అబ్బాయిల జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ ముగించింది. ఆ టోర్నీలో ఆ పని చేసిన తొలి ఆడపిల్ల ఆమె. మన ఇళ్లలో ఎనిమిదో తరగతి దాటగానే ఆడపిల్లను మైదానం నుంచి వెనక్కి పిలుస్తున్నాం. గమ్హరియాలో ఈ ఆట మొదలైతే మొదటి రోజు నుంచే అమ్మాయిలు జట్టులో ఉండాలి.

గ్లవ్‌లు, అసలు బంతులు వచ్చాక ఒక హెచ్చరిక. బేస్‌బాల్ బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కన్నా కాస్త తక్కువే. కాని పిచ్చర్ దాన్ని ఒకే రీతిలో పదేపదే విసరాలి. ఎముకలు ఇంకా ముదరని పిల్లల మోచేతికీ భుజానికీ ఆ భారం ప్రమాదకరం. అందుకే అమెరికాలో వయసును బట్టి లెక్క కట్టారు: ఏడెనిమిదేళ్ల వాళ్లు రోజుకు 50 బంతులకు మించి విసరకూడదు, తొమ్మిది పదేళ్లకు 75, పదకొండు పన్నెండేళ్లకు 85. పద్నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లవాడు ఒక రోజు 66 లేదా అంతకన్నా ఎక్కువ విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి. లిటిల్ లీగ్ 2007 నుంచి ఈ తరహా పరిమితి పాటిస్తోంది. మైదానం అంచున ఒకరు కాగితం, పెన్సిల్ పట్టుకుని గీతలు పెడుతూ కూర్చుంటారు. ఖర్చేమీ లేని పని, కాని పిల్లవాడి చెయ్యి దాని మీదే ఆధారపడి ఉంటుంది. కోచ్ ఎంత పేరున్నవాడైనా సరే, ఆ లెక్క రాయని చోటికి పిల్లల్ని పంపకూడదు.

పొద్దుటి షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి గేటు దాటే తండ్రులు గమ్హరియాలో ఎందరో ఉన్నారు. సాయంత్రం నాలుగింటికి వాళ్లకు అరగంట తీరిక దొరుకుతుంది. వానలు వెనుదిరిగాక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడి ఎండ కూడా ఆటకు అనువుగా ఉంటుంది. ఆదిత్యపూర్, గమ్హరియా బడుల వ్యాయామ ఉపాధ్యాయులకు, ఊళ్లోని తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ఈ చలికాలం బడి ఆవరణలో సున్నంతో 13 మీటర్ల నలుచదరం గీయించండి. పదేళ్ల లోపు పిల్లల్ని, ఆడా మగా కలిపి, అయిదుగురు చొప్పున జట్లు కట్టండి. ఒక్క రబ్బరు బంతి తెప్పించండి. ఆట బాగా సాగితే వచ్చే ఏడాది గ్లవ్‌ల సంగతి ఆలోచించవచ్చు. తల్లిదండ్రులు మాత్రం అంతదాకా ఆగనక్కరలేదు, రేపు సాయంత్రమే పిల్లలతో బంతి విసురుకోవడం మొదలుపెట్టవచ్చు.